ఒంటెద్దు బండా, జోడెద్దులా: చిన్న విమానం మాట్లాడుకునే ముందు

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో రోగిని హైదరాబాద్ తరలించడానికో, కంపెనీ పని మీద ఒక్కరోజులో వెళ్ళి రావడానికో చిన్న విమానం మాట్లాడుకుంటే ఇంట్లోవాళ్ళు ముందు అడిగేది ఒక్కటే: "దానికి ఇంజిన్లెన్ని?" ఒకటే అనగానే ముఖాలు మారిపోతాయి. భయం సహజమే. కానీ ఇంజిన్ల లెక్క అడగాల్సింది నాలుగో ప్రశ్నగా. ఎవరు నడుపుతున్నారు, ఏ వేళ, కింద ఏముంది అన్నవి దానికంటే ముందు రావాలి.

జోడెద్దుల బండిలో ఒక ఎద్దు కూలబడితే రెండోది బండిని ఊరికి చేర్చేయదు. కాడి పక్కకు తిరుగుతుంది, తోలేవాడు పగ్గం సరిగ్గా పట్టకపోతే బండి చేలోకి దిగిపోతుంది. రెండు ఇంజిన్ల విమానం కథ కూడా అంతే. ఒక రెక్క మీద ఇంజిన్ ఆగితే రెండో రెక్క మీదది ముక్కును ఆగినదాని వైపుకు తోస్తుంది. ఆగిన ప్రొపెల్లర్ గాలికి అడ్డం నిలిచి ఇంకా వెనక్కి లాగుతుంది. పైలట్ రెండు మూడు సెకన్లలో రడ్డర్ (తోక మీది చుక్కాని) పెడల్ తొక్కి వేగం నిలబెట్టగలిగితే రెండో ఇంజిన్ ప్రాణం కాపాడుతుంది. లేకపోతే విమానం తిరగబడుతుంది. కింగ్ ఎయిర్ బీ200 రకానికి ఈ అదుపు వేగం 86 నాట్లు, అంటే గంటకు సుమారు 159 కిలోమీటర్లు. (నాట్లంటే మన ఉభాలు కావు, ఒక నాట్ గంటకు 1.85 కిలోమీటర్లు.) ఆ వేగం కంటే కిందకు జారిందంటే, పనిచేస్తున్న ఇంజినే శత్రువవుతుంది.

ఒంటి ఇంజిన్ విమానంలో ఈ తిరగబడే గొడవ లేదు. ఇంజిన్ ఆగితే ముక్కు కిందకు దించి తిన్నగా జారుతూ దిగడమే పని. అయితే దిగడం ఖాయం, తిరిగి పైకి వెళ్ళడం ఉండదు. ఈ రెండింటి మధ్యే ఎంపిక.

మార్కెట్లో ఉన్నవి

మన ప్రాంతంలో అందరికంటే ముందు తెలియాల్సింది సెస్నా గ్రాండ్ కారవాన్. ఒడిశాలోని జయపురం నుంచి విశాఖకు ఇండియావన్ ఎయిర్ నడిపిన 9 సీట్ల విమానం ఇదే. చక్రాలు లోపలికి ముడుచుకోవు, రెక్క పైన ఉంటుంది, క్యాబిన్‌లో గాలి పీడనం నింపరు. ఈఎక్స్ రకంలో 867 అశ్వశక్తి ఇంజిన్, గరిష్ఠ వేగం గంటకు సుమారు 360 కిలోమీటర్లు. అండమాన్‌లో జల్ హంస్ పేరుతో నీటి మీద దిగింది కూడా కారవానే.

పిలాటస్ పీసీ-12 స్విట్జర్లాండ్‌ది. పీడనం నింపిన క్యాబిన్, 30,000 అడుగుల వరకు ఎత్తు, గంటకు 530 కిలోమీటర్ల వేగం. దాని అసలు బలం వెనకనున్న కార్గో తలుపు: సుమారు 1.35 మీటర్ల వెడల్పు, 1.32 మీటర్ల ఎత్తు. స్ట్రెచర్ అడ్డం తిప్పకుండా లోపలికి వెళ్తుంది. ఆస్ట్రేలియాలో రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ ఏళ్ళ తరబడి వీటిని రోగుల కోసం నడుపుతోంది. ఫ్రాన్సు డాహర్ వారి టీబీఎం ఇంకా వేగం, గంటకు 600 కిలోమీటర్లు దాటుతుంది. కానీ ఇరుకు, యజమాని తానే నడుపుకునే బండి. అద్దెకు అడిగేవారు దీన్ని పక్కన పెట్టేయొచ్చు.

రెండు ఇంజిన్ల వైపు కింగ్ ఎయిర్ బీ200, దాని తర్వాతి 250, 260. 2024 నవంబరు 9న విజయవాడ నుంచి శ్రీశైలానికి ప్రయోగాత్మకంగా ఎగిరిన సీప్లేన్ ట్విన్ ఆటర్ కూడా జోడు ఇంజిన్లదే. కొసమెరుపేమిటంటే కారవాన్, పీసీ-12, టీబీఎం, కింగ్ ఎయిర్, ట్విన్ ఆటర్ అన్నింటిలోనూ తిరిగేది ఒకే కుటుంబానికి చెందిన ఇంజిన్: ప్రాట్ అండ్ విట్నీ కెనడా పీటీ6. దుండిగల్‌లో మన వాయుసేన కొత్త పైలట్లు శిక్షణ పొందే పీసీ-7లోనూ అదే.

పెట్రోలుతో నడిచే పిస్టన్ విమానాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వాటికి ఏవ్‌గ్యాస్ అనే విమాన పెట్రోలు కావాలి. 2022లో ఇండియన్ ఆయిల్ వడోదరలో తయారు చేయడం మొదలుపెట్టే వరకు అది దిగుమతే, ఇప్పటికీ అన్ని చోట్లా దొరకదు. టర్బోప్రాప్‌కు, అంటే పీటీ6లా టర్బైన్‌తో ప్రొపెల్లర్‌ను తిప్పే ఇంజిన్‌కు, కావాల్సిన జెట్ ఏ-1 ఇంధనం పెద్ద విమానం దిగే ప్రతిచోటా ఉంటుంది. పైగా మే నెల ఎండలో పిస్టన్ ట్విన్‌కు ఒక ఇంజిన్ ఆగితే రెండోది దాన్ని నేల దగ్గరకు చేర్చడానికే తప్ప పైకి ఎత్తడానికి తరచూ చాలదు.

ఆ ఒక్క ఇంజిన్‌ను ఎందుకు నమ్ముతారు

పీటీ6 మొదటిసారి 1960లో పరీక్షా వేదిక మీద తిరిగింది, 1964లో విమానాల్లోకి వచ్చింది. ఇప్పటికి 50 వేలకు పైగా తయారయ్యాయి. దీనిలో గాలిని నొక్కి మంట పెట్టే భాగానికీ ప్రొపెల్లర్‌ను తిప్పే టర్బైన్‌కూ మధ్య ఇరుసు కలపలేదు, వేడి గాలి ఒక్కటే కలుపుతుంది. అందుకే ప్రొపెల్లర్‌కు దెబ్బ తగిలినా లోపలి భాగం ఒక్కసారిగా ఆగిపోదు. పిస్టన్ ఇంజిన్‌లోలా పైకీ కిందకీ కొట్టుకునే భాగాలు లేవు, అన్నీ గుండ్రంగా తిరిగేవే. సాధారణంగా 3,600 గంటలకు పూర్తి ఓవర్‌హాల్, మధ్యలో 1,800 గంటలకు వేడి భాగాల తనిఖీ.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో, రాత్రిపూటా మబ్బుల్లోనూ ఒంటి ఇంజిన్ టర్బైన్ విమానాలు నడపడానికి పెట్టిన కొలత ఇది: లక్ష ఇంజిన్ గంటలకు ఒకటి కంటే తక్కువసార్లు శక్తి పోవాలి. ఏడాదికి 500 గంటలు ఎగిరే విమానానికి లక్ష గంటలంటే 200 ఏళ్ళు. అమెరికా 1997లోనే అలాంటి వాణిజ్య ప్రయాణాలకు నిబంధనలు మార్చింది, యూరప్ 2017లో ఒప్పుకుంది. రెండు ఇంజిన్లుంటే రెంటిలో ఏదో ఒకటి చెడే అవకాశం రెట్టింపవుతుందన్న చిన్న లెక్క కూడా మర్చిపోకూడదు.

మరి ప్రాణాలు పోయేది ఎక్కడ? 2001 సెప్టెంబరు 30న మెయిన్‌పురి దగ్గర మాధవరావ్ సింధియా ప్రయాణించిన కింగ్ ఎయిర్ సీ90కి రెండు ఇంజిన్లు. వాతావరణం బాగోలేదు. 2009 సెప్టెంబరు 2న నల్లమలలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణించిన బెల్ 430 హెలికాప్టర్‌కూ రెండు ఇంజిన్లే, అప్పుడూ వాన మబ్బులే. 2011 మే 25 రాత్రి ఫరీదాబాద్‌లో ఇళ్ళ మీద కూలిన ఎయిర్ అంబులెన్స్ ఒంటి ఇంజిన్ పీసీ-12, విమానంలో 7 మంది, కింద 3 మంది పోయారు. అక్కడా ఆ రాత్రి ఉరుముల మబ్బులున్నాయి, విమానం అదుపు తప్పింది. ఒకటో రెండో అన్న లెక్క వీటిలో దేన్నీ ఆపలేదు. వైశాఖంలో మధ్యాహ్నం మూడు దాటాక ఒడిశా కొండల మీద నుంచి దిగే గాలివానకు ఇంజిన్లు లెక్కపెట్టే అలవాటు లేదు.

టేకాఫ్‌లో మొదటి నిమిషం

విశాఖ రన్‌వే 3,050 మీటర్లు, భోగాపురానిది 3,800. కారవాన్ సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీల చల్లదనంలో 430 మీటర్ల లోపే నేల వదిలేస్తుంది. మే నెలలో 42 డిగ్రీలుంటే ఎక్కువ తింటుంది, అయినా 3,800 మీటర్ల రన్‌వేకు అది లెక్కే కాదు. రన్‌వే మొదటి నుంచి బయల్దేరితే నేల వదిలాక దాదాపు అర నిమిషం వరకు ఇంజిన్ ఆగినా ముందున్న రన్‌వే మీదే దిగిపోవచ్చు. తొందర కోసం మధ్యలోని ట్యాక్సీవే దగ్గర నుంచి టేకాఫ్ తీసుకుంటే ఈ అర నిమిషం చేజేతులా వదులుకున్నట్టే. ఒంటి ఇంజిన్ విమానానికి మిగిలిన రన్‌వేయే రెండో ఇంజిన్.

జయపురం వేరు. రన్‌వే 1,200 మీటర్లు, ఊరు సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తు. 40 డిగ్రీల ఎండలో అక్కడి గాలి 5,400 అడుగుల ఎత్తులో ఉన్నంత పల్చగా ఉంటుంది. రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్ ఉష్ణోగ్రత హద్దుకు ముందే చేరుతుంది. అక్కడ మధ్యాహ్నపు టికెట్ కంటే ఉదయం 8 గంటల టికెట్ మంచిది. ఇక్కడ ఒంటి ఇంజిన్, జోడు ఇంజిన్ తేడా లేదు. కింగ్ ఎయిర్ ఒక్క ఇంజిన్ మీద ప్రామాణిక వాతావరణంలో నిమిషానికి 700 అడుగులకు అటూఇటూ ఎక్కుతుంది, ఎండలో ఆ అంకె బాగా పడిపోతుంది.

కింద ఏముంది

ఇంజిన్ ఆగినప్పుడు కారవాన్ ప్రతి 1,000 అడుగుల ఎత్తుకు సుమారు 3.7 కిలోమీటర్లు జారుతుంది, పీసీ-12 అయితే 4.8. అంటే 25,000 అడుగుల మీదున్న పీసీ-12కు గాలి లేని రోజున చుట్టూ 120 కిలోమీటర్లు అందుబాటు. శ్రీకాకుళం మీద ఆ ఎత్తులో ఉంటే విశాఖ, భోగాపురం రెండూ చేతికి అందేవే. ప్రొపెల్లర్ రెక్కలను గాలికి అంచున తిప్పడాన్ని ఫెదర్ అంటారు. అది చేయకపోతే ఈ లెక్కలన్నీ తప్పుతాయి, పళ్ళెంలా గాలికి అడ్డం నిలిచిన ప్రొపెల్లర్ విమానాన్ని కిందకు తోసేస్తుంది.

జయపురం–విశాఖ తిన్నటి దారి సుమారు 150 కిలోమీటర్లు, అరకు మీదుగా వెళ్ళి ఎస్.కోట దగ్గర మైదానంలో దిగుతుంది. అందులో దాదాపు 100 కిలోమీటర్లు కొండలే. సాలూరు వైపు కాస్త తిప్పి వెళ్తే కొండల మీద గడిపేది 80కి తగ్గుతుంది, మొత్తం దూరం 20 కిలోమీటర్లు పెరుగుతుంది. కారవాన్‌కు అది నాలుగు నిమిషాలు. అయితే ఆ దారి పక్కనే 1,672 మీటర్ల దేవమాలి ఉంది కనుక మబ్బు కిందకు దిగిన రోజున ఆ తిప్పు పనికిరాదు. 9,500 అడుగుల మీద ఎగురుతూ కింద కొండ నేల 3,500 అడుగులుంటే చేతిలో మిగిలేది 6,000 అడుగులు, అంటే 22 కిలోమీటర్ల జారుడు. పగలు, కళ్ళకు దారి కనిపించే రోజున ఇది ఒప్పుకోదగ్గ లెక్క. రాత్రి అయితే ఆ 22 కిలోమీటర్లలో ఏముందో కనపడదు. ఈ దారిలో రాత్రి కారవాన్ వద్దు.

మైదానం అంటే అంతా ఒకటి కాదు. ఆషాఢం నుంచి కార్తీకం దాకా నాగావళి, వంశధార ఆయకట్టు మడుల్లో నీళ్ళుంటాయి. దమ్ము చేసిన మడిలో స్థిరమైన చక్రాలు దిగబడితే విమానం ముక్కు మీద బోర్లాపడే ప్రమాదం ఉంది. పీసీ-12లా చక్రాలు ముడిచే విమానమైతే పొట్ట మీద జారించే దారి ఉంటుంది. కోతలయ్యాక పుష్య మాఘాల్లో అవే మడులు గట్టిపడతాయి. మినుము, పెసర చిన్నచిన్న మొక్కలే కనుక అడ్డం కావు, కానీ గట్లు అలాగే ఉంటాయి. గట్టుకు అడ్డంగా కాక, గట్టు వెంట నిడివిగా దిగాలి. ఉద్దానం మీద మాత్రం కొబ్బరి, జీడి తోటలు తప్ప చదును నేల తక్కువ. సరుగుడు తోట పచ్చటి మెత్తటి పరుపులా కనిపిస్తుంది, నమ్మకూడదు. వేసవిలో నది ఇసుక తిన్నెలు ఫర్వాలేదు, అయితే నది దాటే కరెంటు తీగలు ఇసుక కంటే ముందు ఎదురవుతాయి.

దిగే వేగమే బతకడాన్ని నిర్ణయిస్తుంది. కారవాన్ గాల్లో నిలబడగలిగే కనిష్ఠ వేగం 61 నాట్లు, పీసీ-12ది 67, కింగ్ ఎయిర్ బీ200ది 75. తేడా చిన్నదే అనిపిస్తుంది, కానీ దెబ్బ బలం వేగం వర్గంతో పెరుగుతుంది. ఒకే బరువు మీద 75 నాట్ల దెబ్బ 61 నాట్ల దెబ్బకు ఒకటిన్నర రెట్లు. ఒంటి ఇంజిన్ విమానాలకు 61 నాట్ల హద్దును నిబంధనగా పెట్టింది అందుకే, పీసీ-12 ఆ హద్దు దాటినందుకు బదులుగా బలమైన సీట్లు పెట్టాల్సి వచ్చింది.

ఏ ప్రయాణానికి ఏది

హైదరాబాద్‌కు రోగిని తీసుకెళ్ళాలంటే పీసీ-12 లేదా కింగ్ ఎయిర్. దూరం సుమారు 500 కిలోమీటర్లు, రెండిటికీ గంటా పది నిమిషాల లోపే. పీసీ-12 ఆ గంటకు 240 లీటర్ల చొప్పున తాగుతుంది, కింగ్ ఎయిర్ 380 దగ్గర. కారవాన్ గంటకు 200–230 లీటర్లే తాగినా గంటన్నర పడుతుంది కనుక ఇంధనం కలిసిరాదు. పైగా పీడనం లేదు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన రోగికో, తలకు దెబ్బ తగిలినవారికో 9,000 అడుగుల ఎత్తు ప్రమాదం, డాక్టరు ఒప్పుకోరు. పీసీ-12, కింగ్ ఎయిర్ రెండూ దొరికితే స్ట్రెచర్ ఎక్కించే తలుపు కోసం పీసీ-12 మేలు, రాత్రి ఉరుముల కాలంలో అయితే పైలట్ల అనుభవం ఎక్కువున్నది మేలు.

చెన్నైకి తీరం వెంట వెళ్తే పీసీ-12 చాలు, తీరానికి 60–70 కిలోమీటర్ల లోపు ఉండే దారి అడగండి. పోర్ట్ బ్లెయిర్‌కు మాత్రం ఒంటి ఇంజిన్ వద్దు. దూరం 1,200 కిలోమీటర్లు, నడిమధ్యలో ఎటు చూసినా నేల 500 కిలోమీటర్ల పైనే. 120 కిలోమీటర్ల జారుడు అక్కడ దేనికీ చాలదు. జోడు ఇంజిన్ల అసలు విలువ తెలిసే చోటు అదే.

ఉప్పు గాలీ, ఇంజిన్ ఆరోగ్యమూ

తీరం పక్కన నిలిపే టర్బోప్రాప్‌కు పెద్ద శత్రువు ఉప్పు. కంప్రెసర్ బ్లేడ్ల మీద ఉప్పు పేరుకుంటే గాలి తక్కువ పోతుంది, అదే పనికి ఎక్కువ ఇంధనం కాలుతుంది, వేడి పెరుగుతుంది. అందుకే ఉప్పు గాలిలో ఎగిరే రోజుల్లో రోజూ కంప్రెసర్ కడగాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఇగ్నిషన్ తీసేసి, క్యాబిన్‌కు వెళ్ళే గాలి దారి మూసి, స్టార్టర్‌తో తిప్పుతూ ఖనిజాలు తీసిన నీళ్ళు లోపలికి చిమ్ముతారు. స్టార్టర్‌ను ఒక విడతలో 30 సెకన్లకు మించి తిప్పకూడదు. చివర ఇంజిన్ నడిపి ఆరబెడతారు. బోరు నీళ్ళతో కడిగితే ఉప్పు పోయి సున్నం వచ్చి చేరుతుంది, కడగకపోవడమే నయం.

స్టార్ట్ చేసేటప్పుడు ఆపరేటర్ తీరు బయటపడుతుంది. బ్యాటరీ నీరసంగా ఉంటే ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది, గాలి చాలదు, ఇంధనం వదిలితే మంట హద్దు మీరుతుంది. కారవాన్‌లో గ్యాస్ జనరేటర్ (గాలిని నొక్కి మంట పెట్టే భాగం) వేగం కనీసం 12 శాతం దగ్గర నిలకడగా ఉంటేనే ఇంధనం వదలాలి. పాత 675 అశ్వశక్తి రకంలో (పీటీ6ఏ-114ఏ) స్టార్ట్ వేళ ఉష్ణోగ్రత 1,090 డిగ్రీల హద్దును రెండు సెకన్లకు మించి తాకకూడదు. సూది పరుగు తీస్తుంటే ఇంధనం మూసి స్టార్టర్ తిప్పుతూనే ఉండాలి. ఎండలో గంటల తరబడి నిలిపిన విమానాన్ని బయటి కరెంటు బండి లేకుండా, నీరసపడిన బ్యాటరీ మీద లేపుతుంటే అనుమానించండి.

ఆ పాత 114 శ్రేణి ఇంజిన్లలో వేడి టర్బైన్ బ్లేడ్లు సాగి విరిగిన ఘటనలతో 2014లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ తనిఖీ ఆదేశం ఇచ్చింది. బ్లేడ్లను కొత్త సింగిల్ క్రిస్టల్ (ఒకే స్ఫటికంగా పోసిన లోహం) రకంతో మార్చారా అని అడగడం తప్పు కాదు. ఫ్యూయల్ నాజిళ్ళు మసిపట్టినా ఇదే ముప్పు: చిమ్మాల్సిన ఇంధనం ధారగా పడి ఒకేచోట లోహాన్ని కాల్చేస్తుంది.

ట్రెండ్ మానిటరింగ్ ఉందా అన్నది అన్నింటికంటే మంచి ప్రశ్న. ఒకే ఎత్తు, ఒకే ఉష్ణోగ్రత దగ్గర టార్క్ (తిప్పే బలం), ఇంధన ప్రవాహం, టర్బైన్ వేడి ప్రతి ప్రయాణంలో రాసుకుంటే, వేడి నెమ్మదిగా 10–15 డిగ్రీలు ఎక్కడం నెలల ముందే కనపడుతుంది. ఆపరేటర్ ఆ గ్రాఫ్ చూపిస్తే మాట్లాడండి. "మా ఇంజిన్ బంగారం సార్" అంటే బంగారం వేరే దుకాణంలో కొనుక్కోవచ్చు.

అడిగి రాయించుకోవాల్సినవి ఇంకొన్ని. నాన్-షెడ్యూల్డ్ పర్మిట్‌లో (అద్దె విమానాలు నడిపే అనుమతిలో) ఆ విమానం నంబరు ఉందా, రాత్రికీ మబ్బుల్లోకీ అనుమతి రాసుందా. ఇద్దరు పైలట్లా, ఈ రకం మీద కమాండర్‌కు ఎన్ని గంటలు. వాతావరణ రాడార్ పనిచేస్తోందా. విమానం తిరిగి రావాల్సిన గంట ఎవరు నిర్ణయిస్తారు, పైలటా, పేషెంటు తాలూకు పెద్దమనిషా.

బరువు చివరి మాట. కారవాన్ ట్యాంకులు నిండితే 1,250 లీటర్లు, అంటే సుమారు ఒక టన్ను ఇంధనం. ఆ పైన పైలట్‌తో కలిపి 500 కిలోలకు అటూఇటూ మాత్రమే మోస్తుంది, 9 సీట్లున్నాయి కదా అని 9 మంది ఎక్కలేరు. సీట్లు నింపాలంటే ఇంధనం తగ్గించాలి, ఇంధనం తగ్గితే మబ్బు చుట్టి తిరిగే ఓపిక తగ్గుతుంది. పలాస జీడిపప్పు డబ్బాలూ, మామిడి బుట్టలూ చేతి సంచులుగా చెల్లవు, తూకం మీద పెట్టి చెప్పాల్సిందే. వెనక సీట్ల వెనక సర్దిన 80 కిలోలు కాగితం మీద లేకపోతే, రన్‌వే ఎంత పొడవున్నా తోక మాత్రం బరువుగానే ఉంటుంది.